చిరునామా మారితే బీమా కూడా మారుతుంది: అమెరికాలో రాష్ట్రం దాటే కుటుంబాల పాలసీల లెక్క

అమెరికాలో కారు బీమా పాలసీ మొదటి పేజీని డిక్లరేషన్స్ పేజీ అంటారు. యజమాని పేరు, కారు గుర్తింపు సంఖ్య, ప్రీమియం, చెల్లింపు పరిమితులు అన్నీ ఆ ఒక్క పేజీలోనే ఉంటాయి. వాటి మధ్య చాలామంది చూసీ చూడనట్టు వదిలేసే పంక్తి ఒకటుంది. కారును రాత్రిళ్లు ఎక్కడ నిలుపుతారో తెలిపే చిరునామా అది. బీమా వాళ్లు దాన్ని గ్యారేజింగ్ అడ్రస్ అంటారు. ఏ రాష్ట్ర చట్టం ప్రకారం పాలసీ రాయాలో, ప్రీమియం ఎంత ఉండాలో, ప్రమాదం జరిగిన రోజున ఎవరి పాలసీలోంచి ఎవరికి డబ్బు అందాలో చాలావరకు ఆ పంక్తే తేలుస్తుంది.

అందువల్ల ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కాపురం మార్చినప్పుడు పాలసీ సామానుతో పాటు ట్రక్కెక్కి రాదు. పైకి చూస్తే అదే కంపెనీ, అదే యాప్, అదే లోగో. లోపల మాత్రం పాత ఒప్పందం ముగిసి కొత్త ఒప్పందం మొదలవుతుంది. పెద్ద కంపెనీలు చాలావరకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో అనుబంధ సంస్థ పేరిట వ్యాపారం చేస్తాయి. ఏజెంటు లైసెన్సు కూడా రాష్ట్రాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, పదేళ్లుగా నమ్మకంగా చూసుకుంటున్న ఏజెంటుకు కొత్త రాష్ట్రంలో పాలసీ అమ్మే అధికారం ఉండకపోవచ్చు. ఇల్లు మారేవారు సాధారణంగా అడిగే ప్రశ్న ప్రీమియం పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదే. ఆ తేడా మొదటి నెల బిల్లులోనే కనిపిస్తుంది. హక్కుల్లో వచ్చే తేడా క్లెయిమ్ వేసిన రోజున గానీ బయటపడదు.

ఈ ఏర్పాటు వెనుక పాత కోర్టు గొడవ ఒకటుంది. 1869లో పాల్ వర్సెస్ వర్జీనియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, బీమా పాలసీ అమ్మడం అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదని తీర్పు చెప్పింది. దాంతో బీమా వ్యాపారం మీద అజమాయిషీ రాష్ట్రాల చేతుల్లోనే ఉండిపోయింది. రెండేళ్లకే, 1871లో, రాష్ట్రాల బీమా కమిషనర్లు కలిసి ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఎన్‌ఏఐసీ పేరుతో అది నేటికీ నమూనా చట్టాలు రాస్తోంది, వాటిని ఆమోదించాలా వద్దా అన్నది మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేల్చుకుంటుంది. 1944లో సౌత్‌ఈస్టర్న్ అండర్‌రైటర్స్ కేసులో సుప్రీంకోర్టు తన మాట తానే మార్చుకుని, బీమా కూడా అంతర్రాష్ట్ర వాణిజ్యమేనంది. ఏడాది తిరగకుండానే అమెరికా చట్టసభ కాంగ్రెస్ 1945లో మెకారన్–ఫెర్గూసన్ చట్టం చేసి పెత్తనాన్ని మళ్లీ రాష్ట్రాలకే అప్పగించింది. ఎనిమిది దశాబ్దాల తర్వాత కూడా కాలిఫోర్నియా నుంచి టెక్సాస్‌కు మారే కుటుంబం కొత్త బీమా కాగితాల మీద సంతకాలు పెట్టడానికి మూలం అక్కడే ఉంది.

కారు బీమాలో కనీస పరిమితులు

కారు బీమాను అందరికీ తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం మసాచుసెట్స్. ఆ చట్టం 1927లో అమల్లోకి వచ్చింది. తర్వాత న్యూయార్క్ ఆ దారి పట్టడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇది తప్పనిసరే. న్యూ హ్యాంప్‌షైర్ మాత్రం బీమా కొనమని బలవంతం చేయదు, కానీ ప్రమాదం చేస్తే నష్టం చెల్లించగల స్తోమత చూపమంటుంది. వర్జీనియాలో 2024 జూన్ వరకు 500 డాలర్ల రుసుము కట్టి బీమా లేకుండా కారు నడిపే వీలుండేది. ఆ రుసుముతో బీమా రక్షణ ఏమీ వచ్చేది కాదు, బీమా లేకుండా తిరిగే అనుమతి మాత్రమే దక్కేది. 2024 జులై 1తో ఆ వీలు కూడా పోయింది.

ఈ తప్పనిసరి బీమాను మూడు అంకెలతో చెబుతారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలవుతున్న కనీస పరిమితి 30/60/15. అంటే ప్రమాదానికి కారణమైనవారి పాలసీ గాయపడిన ఒక్కొక్కరికి 30,000 డాలర్ల వరకు, గాయపడినవారందరికీ కలిపి 60,000 వరకు, అవతలివారి ఆస్తి నష్టానికి 15,000 వరకు చెల్లించాలి. అంతకుముందు 1967 నుంచి అక్కడ నడిచిన పరిమితి 15/30/5. ఐదు వేల డాలర్లకు కొత్త కారు బంపరు, సెన్సర్లు బాగుచేయించడమే కష్టమైన కాలంలో కూడా ఆ అంకె అలాగే ఉండిపోయిందంటే, చట్టం చెప్పే కనీసానికీ అవసరానికీ ఉన్న దూరం తెలుస్తుంది. టెక్సాస్‌లో కనీసం 30/60/25. మెయిన్, అలాస్కాల్లో 50/100/25. వర్జీనియా 2025 జనవరిలో 50/100/25కు, నార్త్ కరోలినా అదే ఏడాది జులైలో 50/100/50కు పెంచాయి. పెన్సిల్వేనియాలో మాత్రం ఇంకా 15/30/5 సరిపోతుంది.

ఈ అంకెల మధ్య ప్రయాణం చేసేవారికి ఒక వెసులుబాటు ఉంది. సాధారణ కారు పాలసీలో రాష్ట్రం వెలుపల వర్తించే నిబంధన ఒకటి ఉంటుంది. పెన్సిల్వేనియా పాలసీతో మెయిన్‌కు విహారానికి వెళ్లినవారు అక్కడ ప్రమాదం చేస్తే, పాలసీ పరిమితి ఆ ఒక్క సందర్భానికి మెయిన్ కనీసానికి తానే పెరుగుతుంది. చాలామందికి తప్పుడు ధీమా ఇచ్చేది ఈ నిబంధనే. అది చుట్టపుచూపుగా వెళ్లినవారి కోసం రాసింది. కొత్త రాష్ట్రంలో ఇల్లు తీసుకుని, ఉద్యోగంలో చేరి, పిల్లల్ని బడిలో వేశాక, పాత పాలసీ ఇక్కడ కూడా పనిచేస్తుందన్న వాదనను కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, రవాణా శాఖ అయితే ఒప్పుకోదు.

ఎవరి పాలసీ ఎవరికి చెల్లిస్తుంది

అంకెల తేడా అర్థం చేసుకోవడం తేలికే. అంతకంటే లోతైన తేడా బీమా పద్ధతిలోనే ఉంది. చాలా రాష్ట్రాల్లో తప్పు ఎవరిదో తేల్చి, తప్పు చేసినవారి పాలసీ నుంచి గాయపడినవారికి డబ్బు ఇప్పిస్తారు. పన్నెండు రాష్ట్రాలు మాత్రం నో ఫాల్ట్ పద్ధతి పెట్టుకున్నాయి. ఫ్లోరిడా, మిషిగన్, న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్, మిన్నెసోటా, కాన్సాస్, కెంటకీ, నార్త్ డకోటా, యూటా, హవాయి ఆ జాబితాలోవి. అక్కడ తప్పు ఎవరిదైనా గాయాల ఖర్చు మొదట ఎవరి పాలసీ వారికే చెల్లిస్తుంది. ఈ భాగాన్ని పీఐపీ అంటారు. దానికి బదులుగా, గాయం ఒక స్థాయిని మించితే తప్ప అవతలివారి మీద బాధకూ వేదనకూ పరిహారం కోరుతూ దావా వేసే హక్కును చట్టం కుదిస్తుంది.

ఒకే ప్రమాదాన్ని నాలుగు రాష్ట్రాల్లో పెట్టి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనుక నుంచి మరో కారు గుద్దింది. ముందు కారులోని వ్యక్తికి మెడ పట్టేసింది, మణికట్టు విరిగింది, ఆసుపత్రి బిల్లు 40,000 డాలర్లయింది. కాలిఫోర్నియాలో గుద్దిన వ్యక్తికి కనీస పాలసీ మాత్రమే ఉంటే అందులోంచి 30,000 వస్తాయి. మిగిలిన పదివేలను సొంత పాలసీలో తక్కువ బీమా ఉన్న డ్రైవర్ల నుంచి రక్షణ ఇచ్చే భాగం ఉంటే దాంట్లోంచి, లేదంటే ఆరోగ్య బీమాలోంచి రాబట్టుకోవాలి. న్యూయార్క్‌లో ఆ బిల్లు మొదట గాయపడిన వ్యక్తి సొంత పాలసీకే వెళుతుంది. అక్కడ పీఐపీ కనీసం 50,000 డాలర్లు కాబట్టి మొత్తం ఖర్చు అందులోనే ఇమిడిపోవచ్చు.

ఫ్లోరిడా దగ్గరే చిక్కు. అక్కడ తప్పనిసరి పీఐపీ 10,000 డాలర్లు. అది కూడా వైద్య ఖర్చులో 80 శాతం చొప్పున చెల్లిస్తుంది, ప్రమాదం జరిగిన 14 రోజుల్లోపు వైద్యుడికి చూపించుకుంటేనే వర్తిస్తుంది, అత్యవసర వైద్య పరిస్థితి అని ధ్రువీకరణ లేకపోతే 2,500 దగ్గరే ఆగిపోతుంది. నొప్పి తగ్గుతుందిలే అని మూడు వారాలు ఊరుకున్నవారికి ఆ పదివేలు కూడా దక్కవు. పైగా ఫ్లోరిడా చట్టం మామూలు డ్రైవర్లను ఇతరుల గాయాల కోసం బీమా తీసుకోమని అడగదు, ఆస్తి నష్టానికి 10,000 ఉంటే చాలంటుంది. గుద్దిన వ్యక్తి చట్టాన్ని అక్షరాలా పాటించి కూడా గాయాలకు పైసా చెల్లించలేని స్థితిలో ఉండవచ్చన్నమాట. టెక్సాస్ నుంచో జార్జియా నుంచో ఫ్లోరిడాకు మారేవారు బీమా లేని డ్రైవర్ల నుంచి రక్షణ ఇచ్చే భాగాన్ని ప్రీమియం తగ్గించుకోవడానికి వదులుకోవడం అన్నింటికంటే ఖరీదైన పొదుపు. ఏడాదిలో 90 రోజులకు మించి కారును ఫ్లోరిడాలో ఉంచే ఇతర రాష్ట్రాలవారికి కూడా అక్కడి తప్పనిసరి బీమా వర్తిస్తుంది. చలికాలం అక్కడ గడిపి వచ్చే పెద్దవాళ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

మిషిగన్‌ది మరో దారి. 2020 జులై వరకు అక్కడ ప్రతి పాలసీలోనూ గాయాల వైద్యానికి పరిమితి అన్నదే లేదు, జీవితకాలం చెల్లించాల్సిందే. 2019లో చేసిన సవరణతో ఇప్పుడు అపరిమితం, 5 లక్షల డాలర్లు, 2.5 లక్షలు అన్న మెట్లలో ఒకటి ఎంచుకోవచ్చు. పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ ఉన్నవారికి 50,000 మెట్టు, వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఉన్నవారికి పూర్తిగా వదులుకునే వీలు కూడా ఉన్నాయి. ఏమీ ఎంచుకోకపోతే అపరిమితమే వర్తిస్తుంది, ప్రీమియం కూడా ఆ మేరకే ఉంటుంది. అక్కడ కారు దెబ్బతిన్నా తప్పు చేసినవారి పాలసీ దాన్ని బాగుచేయించదు. సొంత పాలసీలో, గుద్దుకున్నప్పుడు సొంత కారు నష్టానికి చెల్లించే కొలిజన్ భాగం ఉండాలి. అది లేనివారు అవతలివారి నుంచి మినీ టార్ట్ అనే చట్ట నిబంధన కింద గరిష్ఠంగా 3,000 డాలర్లు మాత్రమే రాబట్టగలరు. పాత కారే కదా అని ఒహాయోలో కొలిజన్ వదిలేసిన వ్యక్తి అదే లెక్కతో మిషిగన్‌లో పాలసీ తీసుకుంటే, పక్కవాడి తప్పుతో పోయిన కారుకు తానే డబ్బు పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇక డెలావేర్ నదికి అటూ ఇటూ ఉన్న పెన్సిల్వేనియా, న్యూజెర్సీలది విచిత్రమైన వ్యవహారం. రెండింటిలోనూ పాలసీ తీసుకునేటప్పుడు దావా హక్కును పూర్తిగా ఉంచుకోవాలా, కొంత వదులుకుని ప్రీమియం తగ్గించుకోవాలా అని అడుగుతారు. ఫారంలో ఏ గడీ నింపకుండా వదిలేస్తే పెన్సిల్వేనియా పూర్తి హక్కు ఉంచుకున్నట్టు భావిస్తుంది, న్యూజెర్సీ వదులుకున్నట్టు భావిస్తుంది. పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా నుంచి వంతెన దాటి న్యూజెర్సీలోని క్యామ్డెన్ వైపు ఇల్లు మార్చిన వ్యక్తి మౌనానికి చట్టం ఇచ్చే అర్థమే తిరగబడుతుంది. ఆన్‌లైన్లో నాలుగు నిమిషాల్లో పాలసీ కొనేవాళ్లు ఈ గడి దగ్గర ఒక నిమిషం ఆగడం మంచిది.

బీమా పత్రంలో ఎక్కడా కనిపించని తేడా మరొకటుంది. అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియాల్లో గాయపడినవారి తప్పు కొద్దిపాటిదైనా ఉందని తేలితే అవతలివారి నుంచి పరిహారమే రాకుండా పోవచ్చు. వాషింగ్టన్ డీసీలోనూ ఇదే సూత్రం, అయితే అక్కడ పాదచారులకు, సైకిళ్లు తొక్కేవారికి మినహాయింపు ఇచ్చారు. ఇతర రాష్ట్రాల్లో తప్పు వాటాను బట్టి పరిహారం తగ్గుతుంది, కొన్నిచోట్ల సగం తప్పు దాటితే ఆగిపోతుంది. సొంత పాలసీలో వైద్య ఖర్చుల భాగం, కొలిజన్ భాగం ఉండాల్సిన అవసరం ఆ నాలుగు రాష్ట్రాల్లో మరింత ఎక్కువ.

ముందు ఏది, తర్వాత ఏది

కొత్త రాష్ట్రంలో కారు రిజిస్టర్ చేయించడానికి ఇచ్చే గడువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కాలిఫోర్నియా నివాసం ఏర్పడిన నాటి నుంచి 20 రోజులిస్తుంది. టెక్సాస్, న్యూయార్క్ 30 రోజులు, న్యూజెర్సీ 60 రోజులు ఇస్తాయి. ఫ్లోరిడాలో ఉద్యోగంలో చేరినా, పిల్లల్ని బడిలో వేసినా 10 రోజుల్లో రిజిస్ట్రేషన్ జరగాలి. రిజిస్ట్రేషన్‌కు ఆ రాష్ట్ర పాలసీ ముందే చేతిలో ఉండాలి. న్యూయార్క్ అయితే తన రాష్ట్రంలో లైసెన్సు ఉన్న కంపెనీ ఇచ్చిన న్యూయార్క్ పాలసీ తప్ప మరొకటి అంగీకరించదు. బీమా కార్డు మీద పేరు, రిజిస్ట్రేషన్ మీద పేరు ఒకేలా ఉండాలంటుంది. భార్య పేరిట పాలసీ, భర్త పేరిట కారు ఉన్న ఇళ్లలో మొదటి చిక్కు కౌంటరు దగ్గరే మొదలవుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది కొత్త రాష్ట్రంలో కంటే వదిలివచ్చిన రాష్ట్రంలో. న్యూయార్క్‌లో నంబరు ప్లేట్లు రవాణా శాఖకు అప్పగించకముందే బీమా రద్దు చేసుకుంటే, ఆ సమాచారం కంపెనీ నుంచి ఎలక్ట్రానిక్‌గా శాఖకు చేరుతుంది, రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది. జరిమానా మొదటి 30 రోజులకు రోజుకు 8 డాలర్లు, తర్వాతి 30 రోజులకు 10, ఆ తర్వాతి 30 రోజులకు 12. తొంభై రోజులు దాటితే డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా వేటు పడుతుంది. ఫ్లోరిడాలోనూ ప్లేటు అప్పగించకుండా బీమా ఆపితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతాయి, వాటిని తిరిగి పొందడానికి 150 నుంచి 500 డాలర్ల వరకు కట్టాలి. కారు అప్పటికే వేరే రాష్ట్రంలో ఉందన్న సంగతి కంప్యూటరుకు తెలియదు. నోటీసు పాత ఇంటికి వెళుతుంది, కొత్త రాష్ట్రంలో లైసెన్సు కోసం వెళ్లిన రోజున విషయం బయటపడుతుంది.

కాబట్టి వరుస ముఖ్యం. ముందు కొత్త రాష్ట్రపు పాలసీ తీసుకుని, దాంతో రిజిస్ట్రేషన్ చేయించి, పాత రాష్ట్రం కోరితే ప్లేట్లు తిరిగి పంపి రసీదు దాచుకుని, ఆ తర్వాతే పాత పాలసీ రద్దు చేయాలి. నాలుగైదు రోజులు రెండు ప్రీమియాలు పడతాయి, వాడని కాలానికి పాత ప్రీమియం సాధారణంగా చాలావరకు వెనక్కి వస్తుంది. ఆ నాలుగు రోజుల డబ్బు మిగుల్చుకోబోయి పాతదీ కొత్తదీ లేని రెండు రోజుల ఖాళీ తెచ్చుకున్నవారు రెంటికీ చెడిన రేవడులవుతారు. ఆ ఖాళీని చూపించి తర్వాతి కంపెనీ ప్రీమియం పెంచుతుంది. తాగి కారు నడిపిన కేసులాంటివాటి వల్ల, బీమా ఉందని కంపెనీ రాష్ట్రానికి ధ్రువీకరించే ఎస్ఆర్-22 పత్రం దాఖలు చేయాల్సినవారికి రాష్ట్రం మారినంత మాత్రాన విముక్తి లేదు. ఆదేశించిన రాష్ట్రానికి గడువు తీరేదాకా ఆ పత్రం అందుతూనే ఉండాలి.

ప్రీమియం లెక్క కట్టే సూత్రం కూడా సరిహద్దు దగ్గర మారుతుంది. కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 103 ప్రకారం డ్రైవింగ్ చరిత్ర, ఏడాదికి నడిపే మైళ్లు, డ్రైవింగ్ అనుభవం అన్నవాటికే ప్రధాన స్థానం ఇవ్వాలి, రేటు పెంచాలంటే కమిషనర్ ముందస్తు అనుమతి కావాలి. అక్కడ క్రెడిట్ చరిత్రను వాడకూడదు. మసాచుసెట్స్, హవాయిల్లోనూ అంతే. టెక్సాస్‌లో వాడవచ్చు. కొత్తగా ఇల్లు కొనడానికి అప్పులు తెచ్చి, క్రెడిట్ కార్డులన్నీ నింపేసి దిగినవారికి ఒక్క ప్రమాదం కూడా చేయకుండానే ప్రీమియం పెరగడానికి కారణం ఇది కావచ్చు. పాత క్లెయిములు మాత్రం ఏ సరిహద్దూ అడ్డుకోలేక వెంటే వస్తాయి. ఏడేళ్ల క్లెయిముల చరిత్రను క్లూ నివేదిక కొత్త కంపెనీ ముందు పెడుతుంది.

ఆరోగ్య బీమా గడువులు

ఉద్యోగం ద్వారా వచ్చే ఆరోగ్య బీమాలో పెద్ద కంపెనీలు చాలావరకు ఖర్చు తామే భరిస్తూ, నిర్వహణను మాత్రం బీమా కంపెనీకి అప్పగిస్తాయి. అలాంటి ప్లాన్లకు 1974 నాటి ఎరిసా అనే సమాఖ్య చట్టం వర్తిస్తుంది, రాష్ట్ర బీమా చట్టాలు వర్తించవు. అదే ఉద్యోగంలో ఉంటూ రాష్ట్రం మారినవారికి ప్లాన్ అలాగే ఉండవచ్చు కానీ వైద్యుల నెట్‌వర్క్ మారిపోతుంది. సంతాన సాఫల్య చికిత్సకు బీమా ఇవ్వాలని మసాచుసెట్స్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ చట్టాలు చెబుతాయని విని ధైర్యంగా మారినవారు, తమ ప్లాన్ యజమాని సొంత ఖర్చుతో నడిచేదైతే ఆ చట్టం తమకు వర్తించదని ముందే తెలుసుకోవాలి.

మార్కెట్‌ప్లేస్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా వేదికలో సొంతంగా కొన్న ప్లాన్ అయితే రాష్ట్రం దాటదు. ఇల్లు మారడం వల్ల ప్రత్యేక నమోదుకు 60 రోజుల గడువు వస్తుంది. అయితే మారడానికి ముందు 60 రోజుల్లో కనీసం ఒక్క రోజైనా అర్హమైన బీమా ఉండి ఉండాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. ప్లాన్ ఎంచుకున్న తర్వాతి నెల ఒకటో తేదీన రక్షణ మొదలవుతుంది. మార్చి 3న దిగి 10న ప్లాన్ ఎంచుకుంటే ఏప్రిల్ 1 దాకా ఆగాలి. ఈలోగా పాత ప్లాన్ రద్దు చేయకపోవడమే మేలు. అది కొత్త ఊళ్లో మామూలు వైద్యానికి పనికిరాకపోయినా అత్యవసర వైద్యానికి పనికొస్తుంది.

బీమా లేకపోతే జరిమానా అన్న నియమం 2019 నుంచి సమాఖ్య స్థాయిలో సున్నా అయింది. కానీ మసాచుసెట్స్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, రోడ్ ఐలాండ్, వాషింగ్టన్ డీసీ సొంత జరిమానాలు పెట్టుకున్నాయి. వర్మాంట్‌లో నియమం ఉంది కానీ జరిమానా లేదు. కాలిఫోర్నియాలో 2024 సంవత్సరానికి అది పెద్దవారికి కనీసం 900 డాలర్లు, పిల్లలకు 450, ఆదాయం ఎక్కువైతే అంతకు మించి. వరుసగా మూడు నెలలకు మించని ఖాళీకి అక్కడ మినహాయింపు ఉంది. ఈ జరిమానా రాష్ట్ర పన్ను దాఖలు చేసేటప్పుడు ఎదురవుతుంది కాబట్టి, టెక్సాస్ అలవాటుతో బీమా లేకుండా గడిపినవారికి మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గానీ తెలియదు.

మెడికెయిడ్ ఉన్నవారికి దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. అది ఒక రాష్ట్రం నుంచి మరోదానికి బదిలీ కాదు, కొత్తగా దరఖాస్తు చేసుకోవాల్సిందే. నలభై రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ ఆదాయ పరిమితిని పేదరిక రేఖకు 138 శాతం దాకా విస్తరించాయి. టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా వంటి పది రాష్ట్రాలు ఆ విస్తరణను యథాతథంగా తీసుకోలేదు. న్యూయార్క్‌లో మెడికెయిడ్ పొందుతున్న, పిల్లలు లేని ఆరోగ్యవంతుడైన వ్యక్తి అదే ఆదాయంతో టెక్సాస్‌కు వెళితే ఆ అర్హతే ఉండదు. వృద్ధుల మెడికేర్ దేశమంతా ఒకటే అయినా, దాని కింద ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు ప్రాంతానికి కట్టుబడి ఉంటాయి. అనుబంధంగా కొనే మెడిగ్యాప్ పాలసీల స్వరూపం కూడా మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో వేరుగా ఉంటుంది.

ఇల్లు, ఇతర పాలసీలు

ఇంటి బీమాను సాధారణంగా చట్టం తప్పనిసరి చేయదు, అప్పిచ్చిన బ్యాంకు చేస్తుంది. రాష్ట్రం మారినప్పుడు ఇక్కడ మారేది ప్రకృతి. ఫ్లోరిడాలో తుపాను నష్టానికి డిడక్టిబుల్, అంటే కంపెనీ చెల్లించకముందు యజమాని భరించాల్సిన మొత్తం, విడిగా ఉంటుంది, తరచూ ఇంటి బీమా విలువలో 2, 5 లేదా 10 శాతంగా లెక్కిస్తారు. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి 2 శాతం అంటే పైకప్పు ఎగిరిపోతే మొదటి 8,000 యజమానివే. ఇల్లినాయ్‌లో వెయ్యి డాలర్ల డిడక్టిబుల్‌కు అలవాటు పడినవారు శాతం గుర్తును గమనించకుండా సంతకం చేస్తే తుపాను రోజున లెక్క తప్పుతుంది. టెక్సాస్ తీరంలో మామూలు పాలసీలు తరచూ గాలి నష్టాన్ని మినహాయిస్తాయి. దానికి టీడబ్ల్యూఐఏ అనే ప్రత్యేక సంస్థ పాలసీ తీసుకోవాలి, నిర్మాణం గాలిని తట్టుకునేలా ఉందన్న ధ్రువపత్రం చూపాలి. కాలిఫోర్నియాలో ఇంటి పాలసీ ఇచ్చే కంపెనీ భూకంప బీమాను కూడా ఇవ్వజూపాలని చట్టం, కానీ అది మామూలు పాలసీలో భాగం కాదు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం తర్వాత కంపెనీలు వెనకడుగు వేయడంతో 1996లో కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ మొదలైంది. కార్చిచ్చు ప్రాంతాల్లో ఎవరూ పాలసీ ఇవ్వకపోతే దిక్కయ్యే ఫెయిర్ ప్లాన్‌లో దొంగతనం, ఇతరులకు జరిగే నష్టం వంటివి ఉండవు, వాటికి మరో పాలసీ జోడించుకోవాలి.

వరద బీమా మాత్రం దేశమంతా 1968లో మొదలైన సమాఖ్య పథకం కిందే ఎక్కువగా నడుస్తోంది. ఇంటి నిర్మాణానికి 2,50,000, సామానుకు 1,00,000 డాలర్లు గరిష్ఠ పరిమితి. ఇల్లు కొనే అప్పుతో ముడిపడిన సందర్భాలు మినహాయిస్తే సాధారణంగా 30 రోజుల నిరీక్షణ ఉంటుంది. ఖాళీ చేసి అమ్మకానికి పెట్టిన పాత ఇంటి సంగతి కూడా మర్చిపోకూడదు. చాలా పాలసీల్లో ఇల్లు 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే విధ్వంసం వంటి కొన్ని నష్టాలకు రక్షణ ఆగిపోతుంది.

జీవిత బీమాకు ఈ తలనొప్పులు లేవు. పాలసీ ఎక్కడ తీసుకున్నా ఎక్కడికి వెళ్లినా నడుస్తుంది. కంపెనీ దివాలా తీస్తే ఆదుకునే గ్యారంటీ నిధి మాత్రం సాధారణంగా ఆ సమయంలో పాలసీదారు నివసిస్తున్న రాష్ట్రానిది. మరణ పరిహారానికి చాలా రాష్ట్రాల్లో ఆ రక్షణ 3,00,000 డాలర్లు, న్యూయార్క్‌లో 5,00,000. చిన్న వ్యాపారాన్ని వెంట తీసుకెళ్లేవారికి కార్మిక పరిహార బీమా దగ్గర ఆశ్చర్యం ఎదురవుతుంది. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వయోమింగ్‌లలో దాన్ని ప్రైవేటు కంపెనీ నుంచి కొనడం కుదరదు, రాష్ట్ర నిధి నుంచే తీసుకోవాలి. టెక్సాస్‌లో ప్రైవేటు యజమానికి అది ఐచ్ఛికం.

ఇంత రాష్ట్రాల పెత్తనం మధ్యలో సమాఖ్య నియమం నేరుగా పట్టుకునేది మరొకటుంది. అది రెండు రాష్ట్రాల మధ్య రోడ్డు మీద ఉన్న ఇంటి సామాను. అంతర్రాష్ట్ర మూవర్లు రెండు రకాల బాధ్యత చూపుతారు. పూర్తి విలువ రక్షణకు రుసుము ఉంటుంది. అదనపు ఖర్చు లేని రెండోదానికి సంతకం చేస్తే, పోయినా పగిలినా వస్తువు బరువును బట్టి పౌనుకు 60 సెంట్లు చెల్లిస్తారు. ఇరవై ఐదు పౌన్ల టీవీ ముక్కలైతే చేతికొచ్చేది 15 డాలర్లు. క్లెయిమ్‌ను రాతపూర్వకంగా దాఖలు చేయడానికి తొమ్మిది నెలల గడువు ఉంటుంది. సంతకం మాత్రం పెట్టెలు ట్రక్కులోకి ఎక్కుతుండగా, వాకిట్లో నిలబడి చేస్తారు.